మెయిన్ రోడ్డులో సాయంత్రం బళ్ళు బంద్ అంట. మీరేమంటారు?

సత్యవతి_కె
సోమవారం, రాత్రి 8:40

పొద్దున్న మున్సిపాలిటీ ఆటో మైకులో చెప్పుకుంటూ పోయింది, విన్నారా? వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి నెల రోజుల పాటు, గడియార స్తంభం దగ్గర్నుంచి గుడి వీధి మలుపు దాకా సాయంత్రం 5 నుంచి 9 వరకు బళ్ళు రానివ్వరట. పాత సంత మైదానంలో పెట్టుకుని నడిచి రావాలట. "ప్రయోగాత్మకంగా" అన్నారు, బాగుంటే ఉంచుతారు, లేకపోతే తీసేస్తారు.

నాకైతే సంతోషంగానే ఉంది. కారణం చెప్తాను. మొన్న కార్తీక సోమవారం మా అత్తగారు గుడికి బయల్దేరారు. ఆవిడకి 72. ఫుట్‌పాత్ అనేది మనకి లేదు, డ్రైనేజీ మీద పలకలే ఫుట్‌పాత్. ఆ పలకల మీద బళ్ళు. సరే అని రోడ్డు మీదకి దిగి నడుస్తుంటే, ఎవరో బండి వెనక్కి తీస్తూ హ్యాండిల్‌కి ఆవిడ చీర చెంగు తగిలించాడు. పడిపోయారు. ఆ కుర్రాడు ముందు బండికి గీత పడిందేమో చూసుకున్నాడట. తర్వాత "చూసి నడవండి మామ్మగారూ" అని వెళ్ళిపోయాడు. మణికట్టు చిట్లింది, ఆరు వారాలు కట్టు.

చూసి నడవమంటే ఎక్కడ నడవాలో కూడా చెప్పాలి కదండీ.


బట్టలకొట్టు_బాబ్జీ
సోమవారం, రాత్రి 9:15

అమ్మా సత్యవతిగారూ, పెద్దావిడకి అలా జరగడం బాధాకరమే, కాదనను. కానీ మా మాట కూడా కాస్త వినాలి.

నాది 31 ఏళ్ళ కొట్టు. మా బేరమంతా చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చేవాళ్ళతోనే. మొగుడు, పెళ్ళాం, ఇద్దరు పిల్లలు ఒకే బండి మీద వస్తారు. కొట్టు ముందు బండి ఆపి, ఒక కన్ను బండి మీద, ఒక కన్ను చీర మీద వేసి కొంటారు. బండి కనపడని చోట పెట్టి రమ్మంటే రారు. హెల్మెట్లు పోతాయి, పెట్రోలు లాగేస్తారు. బైపాస్‌లో పెద్ద షోరూము వచ్చింది, ముందు ఎకరం జాగా, ఏసీ, పిల్లలకి ఊయల. వాళ్ళు అక్కడికే పోతారు. సాయంత్రం 5 నుంచి 9 అంటే మాకు రోజు మొత్తంలో ముప్పాతిక బేరం. శ్రావణమాసం, సంక్రాంతి, పెళ్ళిళ్ళ సీజను, ఈ మూడింటి మీద ఏడాదంతా బతుకుతాం మేము.

ఎల్లుండి వర్తక సంఘం మీటింగు ఉంది. బంద్ కూడా చేయొచ్చు.


కాలువగట్టు_శీను
సోమవారం, రాత్రి 9:32

బాబ్జీ బాబాయ్, బళ్ళు బంద్ చేస్తే మీరు షాపులు బంద్ చేస్తారా? అప్పుడు రోడ్డు నిజంగానే ఖాళీ అయిపోద్ది, సత్యవతి అక్కకి ఇంకా హాయి 😀

సరదాకి అన్నా. ఒక లెక్క చూడండి. మెయిన్ రోడ్డు రికార్డులో 40 అడుగులు. రెండు పక్కలా కొట్ల మెట్లు, ర్యాంపులు చెరో నాలుగు అడుగులు ముందుకొచ్చాయి. మిగిలింది 32. రెండు పక్కలా అడ్డంగా పెట్టిన బళ్ళు చెరో ఆరడుగులు. మిగిలింది 20. ఆ 20లో ఆటోలు, ట్రక్కు ఆటోలు, తోపుడు బళ్ళు, రెండు ఆవులు, ఎదురుగా వచ్చే బస్సు, మధ్యలో మన మామ్మగారు.


ఆటో_అప్పారావు
సోమవారం, రాత్రి 10:05

మా సంగతి ఎవరూ అడగరేంటండీ. గడియార స్తంభం దగ్గర మా స్టాండులో 18 ఆటోలు ఉంటాయి. రోడ్డు మూస్తే మేము ఎక్కడ నిలబడాలి? సంత మైదానం దగ్గర నిలబడితే అక్కడ ఆల్రెడీ రైల్వే స్టేషన్ ఆటోలవాళ్ళు ఉన్నారు, గొడవలవుతాయి. గుడికెళ్ళే ముసలోళ్ళు మా ఆటోల్లోనే వెళ్తారు సార్. వాళ్ళని 400 మీటర్లు నడిపిస్తారా?


రిటైర్డ్_మాష్టారు
మంగళవారం, ఉదయం 6:10

అందరికీ నమస్కారం.

ఈ వీధిలో నేను పుట్టాను. అప్పుడు కొట్లకి అరుగులుండేవి. అరుగు కొట్టువాడిదే, కానీ దాని మీద కూర్చునే హక్కు దారినపోయే అందరికీ ఉండేది. బస్సు కోసం ఎదురుచూసేవాళ్ళు, పేపరు చదువుకునేవాళ్ళు, వానొస్తే తడవకుండా నిలబడేవాళ్ళు, అంతా అక్కడే. సైకిళ్ళు సినిమా హాలు పక్కన స్టాండులో పెట్టి రేకు టోకెన్ తీసుకునేవాళ్ళం. డబ్బులిచ్చి పెట్టేవాళ్ళం అని గమనించండి. కొట్టు ముందు సైకిలు పెడితే కొట్టువాడే "అటు పెట్టవయ్యా, బేరానికి అడ్డం" అని కేకలేసేవాడు. బాబ్జీ, మీ నాన్నగారు నన్నే రెండుసార్లు కేకలేశారు.

ఇక చట్టం మాట. ఫుట్‌పాత్ మీద, దాటే గీతల మీద బండి నిలపకూడదని 2017 నాటి మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనల్లో స్పష్టంగా ఉంది. అంతకుముందు 1989 నిబంధనల్లోనూ ఉంది. 2025 మే నెలలో సుప్రీం కోర్టు ఇంకో అడుగు ముందుకేసి, పాదచారులకి ఫుట్‌పాత్ ఉండడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. దివ్యాంగులు కూడా వాడుకునేలా ఉండాలని, ఆక్రమణలు తొలగించాలని కూడా అంది.

కాబట్టి సత్యవతి అడుగుతున్నది ఎవరో దయతలచి ఇచ్చేది కాదు.


బట్టలకొట్టు_బాబ్జీ
మంగళవారం, ఉదయం 7:02

మాష్టారూ, మా నాన్న కేకలేసిన రోజుల్లో బైపాస్‌లో షోరూము లేదు. మీరన్న చట్టం మా ఊళ్ళో ఫుట్‌పాత్ కడితే కదా పనికొచ్చేది.


మూడుచక్రాలు
మంగళవారం, ఉదయం 11:20

నాకు చిన్నప్పుడే పోలియో. పక్క చక్రాలు పెట్టించుకున్న స్కూటరు మీద తిరుగుతాను. అదే నా కాళ్ళు. ఇప్పుడు నేను "నడిచేవాడిని" కిందికొస్తానా, "బండి" కిందికొస్తానా? ఇక్కడ ఎవరైనా చెప్పగలరా?

బళ్ళు బంద్ అంటే గేటు దగ్గర డ్రమ్ములు అడ్డం పెడతారు. కానిస్టేబులో, హోంగార్డో ఉంటే నన్ను చూసి వదులుతాడు. లేకపోతే డ్రమ్ముకి నేనేం చెప్పుకోను? పక్క ఊళ్ళో పార్కు ముందు ఇనుప స్తంభాలు పాతారు, బైకులు రాకూడదని. బైకులు సందు చూసుకుని వెళ్ళిపోతున్నాయి, నేను మాత్రం బయటే ఆగిపోయాను. బైకు కంటే నా బండి వెడల్పు కదా.

అలాగని ఇప్పుడున్నది బాగుందని కాదు. మెడికల్ షాపు ముందు నాలుగు మెట్లు. మెట్ల ముందు వరసగా బైకులు. రోడ్డు మీదే ఆగి హారన్ కొడితే షాపు కుర్రాడు వచ్చి చీటీ తీసుకెళ్తాడు. పదేళ్ళుగా ఆ షాపులోపల ఎలా ఉంటుందో నేను చూడలేదు. ర్యాంపు అంటే అడుగు ఎత్తుకి 12 అడుగుల పొడవు ఉండాలని లెక్క. మన కొట్ల ముందు పోసిన ర్యాంపులు బైకు లోపలికి తోసుకోవడానికి పోసినవి, నేను ఎక్కితే వెనక్కి పడతాను.


సత్యవతి_కె
మంగళవారం, మధ్యాహ్నం 12:01

ఈ మాట నాకు తట్టనే లేదు తమ్ముడూ. క్షమించాలి. మీ బండి మటుకు లోపలికి రావాల్సిందే.


పోర్టో_పవన్
మంగళవారం, మధ్యాహ్నం 3:45

పోర్చుగల్ నుంచి రాస్తున్నా, మాది మన ఊళ్ళోనే రామాలయం వీధి. ఇక్కడికి దగ్గర్లో స్పెయిన్ వైపు పొంతెవెద్రా అని ఊరుంది, 80 వేల పైచిలుకు జనం. 1999లో కొత్త మేయర్ వచ్చి పాత ఊరి మధ్యలో కార్లు తీసేశాడు. అప్పుడు అక్కడి కొట్లవాళ్ళు కూడా బాబ్జీ గారి మాటే అన్నారట. ఊరి అంచుల్లో ఉచిత పార్కింగు పెట్టారు. లోపల సామాను దింపుకోవడానికి కాసేపు ఆపుకోవచ్చు. ఎక్కడి నుంచి ఎక్కడికి నడిస్తే ఎన్ని నిమిషాలో రైలు మ్యాపులా గీసి ఊరంతా అంటించారు. నేను రెండుసార్లు వెళ్ళాను, పిల్లలు రోడ్డు మధ్యలో బంతి ఆడుకుంటున్నారు. అదే మేయరుని జనం మళ్ళీ మళ్ళీ గెలిపిస్తూ వచ్చారు.

గడియార స్తంభం నుంచి సంత మైదానం 400 మీటర్లు కూడా ఉండదు. అయిదు నిమిషాలు. అదికూడా నడవలేమా?


ఓరుగల్లు_పిల్ల
మంగళవారం, సాయంత్రం 4:30

పవన్ అన్నా, మీరు చెప్పింది మంచిగనే ఉన్నది గని, ఆ సంత మైదానం మీరు చూసి ఎన్నేండ్లయింది? నేను ఈ ఊరికి కోడలుగా వచ్చి ఆరేండ్లు. ఆ గోడ పక్క నుంచి ముక్కు మూసుకోకుండా ఒక్కసారి కూడ పోలే. ఊర్ల మగోళ్ళందరికి అదే మూత్రశాల. లైటు ఒక్కటి లేదు. చీకటైతే మందు సీసాలు. సాయంత్రం ఏడింటికి చంకల పిల్లను ఎత్తుకొని, చేతుల సంచులు పట్టుకొని నేను అక్కడికి ఒక్కదాన్నే పోయి బండి తీసుకోవాలె. అయిదు నిమిషాల నడక అంటున్నరు. ఆ అయిదు నిమిషాలు ఎట్లుంటయో ఆడోళ్ళని అడగండి.

ఎండాకాలం సంగతి వేరే. అయిదింటికి కూడ నిప్పుల కొలిమే ఉంటది.

బండ్లు బంద్ చేసుడు నాకిష్టమే. గని ముందుగాల అక్కడ లైట్లు, ఒక కాపలా మనిషి, ఆడోళ్ళకు బాత్రూం పెట్టి, ఆ తర్వాత ఇక్కడ డ్రమ్ములు పెట్టమనండి. మనోళ్ళు ఎప్పుడు చూసినా ముందు బోర్డు పెడతరు.


కాలువగట్టు_శీను
మంగళవారం, సాయంత్రం 4:41

వదినగారు ఒక్క పోస్టుతో మీటింగు ముగించేశారు.


పుణె_ప్రసాద్
మంగళవారం, సాయంత్రం 6:18

రెండు సంగతులు.

ఒకటి, పూర్తిగా మూసేయక్కర్లేదు. పుణెలో ఇరుకు వీధుల్లో పీ1, పీ2 అని బోర్డులుంటాయి. బేసి తేదీన ఒక పక్క, సరి తేదీన ఇంకో పక్క మాత్రమే బండి పెట్టాలి. రెండో పక్క ఖాళీ. కొట్లవాళ్ళకి కూడా సమానం, ఒకరోజు వీడి ముందు, ఒకరోజు వాడి ముందు. శీను లెక్క ప్రకారం రోజూ ఆరడుగులు మిగులుతాయి. ఫుట్‌పాత్‌కి రోడ్ల ప్రమాణాలు నిర్ణయించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ళు చెప్పిన కనీస ఖాళీ వెడల్పు 1.8 మీటర్లు, అంటే సుమారు ఆరడుగులే. వీల్‌చైర్లు ఎదురెదురుగా వచ్చినా తప్పుకోగలవు. ఫుట్‌పాత్ ఎత్తు కూడా 15 సెంటీమీటర్లు దాటకూడదంటారు. మన దగ్గర కొన్ని చోట్ల మోకాలెత్తు కడతారు, ఎక్కడానికి ముందు నిచ్చెన వేయాలి.

రెండోది మాథేరాన్. ఇక్కడికి దగ్గర్లో కొండ మీద ఊరు. దస్తూరీ అనే చోట బండి వదిలేసి నడవాల్సిందే, లోపలికి మోటారు బళ్ళు లేవు. నడవలేనివాళ్ళని మనుషులు లాగే రిక్షాలు తీసుకెళ్ళేవి. చివరికి సుప్రీం కోర్టు దాకా వెళ్ళి ఈ-రిక్షాలు వచ్చాయి. 2025లో కోర్టు ఆ చేతి రిక్షాలు ఆరు నెలల్లో ఆపెయ్యమంది. చెప్పొచ్చేదేంటంటే, బళ్ళు ఆపిన చోట నడవలేనివాడి కోసం ఏదో ఒకటి తిరగాలి. అప్పారావు గారి ఆటోల్లో రెండో మూడో, నెమ్మదిగా, సంత మైదానం నుంచి గుడి దాకా అటూ ఇటూ తిప్పితే?


ఆటో_అప్పారావు
మంగళవారం, సాయంత్రం 6:50

మనిషికి పది రూపాయలు ఇస్తే వంతులేసుకుని తిప్పుతాం సార్. ఫ్రీగా అంటే కుదరదు. డీజిలు ఎవడు పోస్తాడు.


వర్తకసంఘం_అభిమాని
మంగళవారం, సాయంత్రం 7:15

ఇదంతా ఆ వార్డు పెద్దమనిషి సంత మైదానం పార్కింగు కాంట్రాక్టు కొట్టేయడానికి ఆడుతున్న నాటకం. ఎవడి బావమరిదికి ఇస్తారో నాకు తెలుసు. పేరు చెప్పమంటే చెప్తా.


నిర్వాహకుడు
మంగళవారం, సాయంత్రం 7:22

చెప్పొద్దు. పేర్లు రాస్తే పోస్టు తీసేస్తాను. కాంట్రాక్టు ఎవరికి, ఎంతకి అని మున్సిపల్ ఆఫీసులో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి, జవాబు ఇక్కడ అంటించండి.


రిటైర్డ్_మాష్టారు
మంగళవారం, రాత్రి 8:00

పార్కింగుకి డబ్బు అనే మాట వచ్చింది కాబట్టి ఒకటి. యాదగిరిగుట్టలో 2022లో గుడి తెరిచాక, కొండ మీదకి కారు తెస్తే 500 రూపాయలు, గంట దాటితే గంటకో వంద అన్నారు. జనం గగ్గోలు పెడితే ఆ గంట లెక్క వెంటనే తీసేశారు. రుసుము పెట్టడం తప్పు కాదు. ఎవరి దగ్గర, ఎంత, ఆ డబ్బు ఏమవుతుంది అన్నది ముందే చెప్పకపోతే ఏ ఊళ్ళో అయినా అదే జరుగుతుంది. బండికి అయిదు రూపాయలు తీసుకుని, ఆ అయిదూ అక్కడి లైటుకి, కాపలాకి, బాత్రూం కడిగే మనిషికి ఖర్చు పెడితే నేను చందాలా ఇస్తాను. నాకు బండి లేకపోయినా.


కాలువగట్టు_శీను
బుధవారం, రాత్రి 9:50

ఇవాళ సెలవు పెట్టి ఒక పని చేశాను. తిట్టకుండా చదవండి.

మా మేనమామ షాపు దగ్గర్నుంచి బ్యాంకు మలుపు దాకా, అంటే మెయిన్ రోడ్డులో సుమారు మూడో వంతు, ఒక్క పక్క మాత్రమే, పొద్దున్న 10 గంటలకి ఆగి ఉన్న బైకుల టైర్ల మీద సుద్దముక్కతో గీత పెట్టాను. టైరు కిందకి, నేలకి కలిపి ఒకే గీత. బండి కదిలితే గీతలు విడిపోతాయి. మొత్తం 47 బళ్ళు. ఒంటి గంటకి చూస్తే 29 గీతలు చెక్కు చెదరలేదు. సాయంత్రం ఆరింటికి 22. మధ్యాహ్నం అన్నానికి ఇంటికెళ్ళి వచ్చి మళ్ళీ అక్కడే పెట్టినవాళ్ళని నేను లెక్కలోంచి తీసేశాను, వాళ్ళని కూడా కలిపితే ఇంకా ఎక్కువే.

పల్లె నుంచి చీరలు కొనడానికొచ్చిన కుటుంబం పొద్దున్న పదింటి నుంచి సాయంత్రం ఆరు దాకా చీరలు చూస్తుందా బాబాయ్? అవి కొట్ల ఓనర్లవి, గుమస్తాలవి, బ్యాంకు వాళ్ళవి, చిట్టీల ఆఫీసువాళ్ళవి. పల్లె వాళ్ళు చోటు దొరక్క గడియార స్తంభం చుట్టూ మూడు రౌండ్లు కొట్టి, ఆఖరికి రోడ్డు మధ్యలో ఆపుతున్నారు. మామ్మగారిని పడేసినవాడు కూడా అలాంటివాడే అయ్యుంటాడు.

మీ కొట్టు ముందు బూడిద రంగు యాక్టివా గీత రాత్రి కొట్టు కట్టేసేదాకా అలాగే ఉంది.


పుణె_ప్రసాద్
బుధవారం, రాత్రి 10:10

శభాష్. అమెరికాలో డొనాల్డ్ షౌప్ అని ఒక ప్రొఫెసర్ జీవితాంతం ఇదే చెప్పాడు. వీధిలో ఎనిమిది చోట్లుంటే ఎప్పుడూ ఒకటి ఖాళీగా ఉండేలా చూడండి, చోటు కోసం చక్కర్లు కొట్టడం ఆగుతుంది అని.


బట్టలకొట్టు_బాబ్జీ
గురువారం, ఉదయం 6:45

ఆ యాక్టివా నాదే. దాచడానికేముంది.

శీనూ, నువ్వు సుద్దముక్క పట్టుకుని తిరిగావు, బాగుంది. అసలు విషయం నీకు తెలీదు, చెప్తా విను. నా ఇల్లు కొట్టుకి రెండు వీధుల అవతల. నడిచి రావచ్చు. వైద్యుడు కూడా నడవమనే చెప్పాడు. అయినా బండి తెచ్చి కొట్టు ముందు పెడతాను. ఎందుకు? ఆ బండి అక్కడ లేకపోతే పది నిమిషాల్లో ఆ జాగాలో తోపుడు బండి వచ్చి నిలబడుద్ది. అరటిపళ్ళో, పది రూపాయల ప్లాస్టిక్ సామానో. ఒకసారి నిలబడ్డాక తీయమంటే గొడవ. నా అద్దం బొమ్మలకి చీరలు కట్టి ఏం లాభం, ముందు దుప్పట్లు వేలాడుతుంటే? పక్క కొట్టువాడిదీ అంతే, ఎదురు కొట్టువాడిదీ అంతే. మేము పెట్టేది పార్కింగు కాదు, కాపలా.

ఈ మాట మీటింగులో ఎవరూ అనలేదు. అందరం "కస్టమర్లకి పార్కింగు" అనే అరిచాం. నిన్న రాత్రి నీ లెక్క చదివాక నిద్ర పట్టలేదు, అదీ సంగతి.


బజ్జీబండి_వాళ్ళబ్బాయి
గురువారం, ఉదయం 8:30

బాబ్జీ గారూ, మీరు ఉన్నది ఉన్నట్టు చెప్పారు, నేనూ చెప్తాను. మా నాన్న 22 ఏళ్ళుగా గుడి మలుపులో బజ్జీల బండి పెడుతున్నాడు. ఇంజనీరింగ్ నేను ఆ బండి మీదే చదువుకున్నాను. మీరు మీ జాగాని బైకుతో కాపలా కాస్తారు. మేము మా జాగాని తెల్లవారుజామున నాలుగింటికి రాయి పెట్టి కాపలా కాస్తాం. లేకపోతే ఇంకో బండి వస్తుంది. అందరం ఒకరిని చూసి ఒకరు భయపడి రోడ్డు మీద ఏదో ఒకటి పెట్టి వెళ్తున్నాం.

2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. ఊళ్ళో ఎంతమంది ఉన్నారో సర్వే చేసి, కార్డు ఇచ్చి, ఎక్కడ పెట్టుకోవాలో చెప్పాలి. ఆ సర్వే అయ్యేదాకా ఎవరినీ లేపకూడదు. ఇదంతా చూసుకునే టౌన్ వెండింగ్ కమిటీలో 40 శాతానికి తగ్గకుండా మా వాళ్ళే ఉండాలి. మాకు కార్డు ఉంది. జాగా గీత మాత్రం ఎవరూ గీయలేదు. నేల మీద తెల్ల పెయింటుతో ఆరడుగులకి నాలుగడుగుల గడి గీసి నంబరు వేస్తే, మా నాన్న ఆ గడి దాటడు. మీ అద్దానికి అడ్డం రాడు. మీరు కూడా యాక్టివా ఇంట్లో పెట్టుకోవచ్చు.

బళ్ళు ఆపేస్తే బజ్జీల బేరం పెరుగుతుంది, అది కూడా దాచను. నడిచేవాడే ఆగి తింటాడు.


ఓరుగల్లు_పిల్ల
గురువారం, ఉదయం 9:05

తమ్మీ, మీ నాయిన మిర్చి బజ్జీల ఉల్లిగడ్డ ఎక్కువ ఏస్తడు, మంచిగుంటయి. గని నూనె మూకుడు రోడ్డు దిక్కు కాకుండ లోపటి దిక్కు పెట్టమను. పిల్లలతోని పోతుంటే భయమైతది.


రిటైర్డ్_సర్వేయరు
గురువారం, ఉదయం 11:40

ఇన్ని మాటలయ్యాయి, ఒక్కరూ సెల్లార్ల ఊసెత్తలేదు. ఈ వీధిలో గత పదిహేనేళ్ళలో కట్టిన మూడంతస్తుల భవనాలు ఏడు. ప్లానులో ప్రతి దానికీ కింద పార్కింగు చూపించారు. ప్లాను అప్రూవల్ దానికే వచ్చింది. ఇప్పుడు ఆ సెల్లార్లలో ఏమున్నాయో వెళ్ళి చూడండి. ఒకదాంట్లో గోడౌను, ఒకదాంట్లో జిమ్ము, ఒకదాంట్లో ట్యూషన్ సెంటరు. వాళ్ళు బండి పెట్టాల్సిన చోటు అద్దెకిచ్చి, ఆ బళ్ళని రోడ్డు మీదకి, అంటే మీ అందరి నెత్తి మీదకి తోశారు. ఒక కారుకి నేల మీద రెండున్నర మీటర్లకి అయిదు మీటర్లు కావాలి, అందులో అయిదారు బైకులు పడతాయి. ఆ ఏడు సెల్లార్లు తెరిపిస్తే గుమస్తాల బళ్ళన్నీ లోపలికి పోతాయి, సంత మైదానం అక్కర్లేకుండా కూడా కొంత సర్దుకోవచ్చు.

ఉద్యోగంలో ఉన్నప్పుడు మీరేం చేశారని అడుగుతారు. నోటీసులు రాశాను. రాయడం వరకే నా చేతిలో ఉండేది.


సత్యవతి_కె
గురువారం, మధ్యాహ్నం 2:15

నేను "బళ్ళు వద్దు" అని మొదలుపెట్టాను. ఇప్పుడు చూస్తే నాకు కావాల్సింది రోడ్డంతా కాదు. ఒక పక్క ఆరడుగులు, తెగిపోకుండా, గడియార స్తంభం నుంచి గుడి దాకా, పలకలు ఊగకుండా. అంతే. రెండో పక్క పీ1, పీ2 చేసుకుంటారో, గడులు గీసుకుంటారో మీ ఇష్టం.

సర్వేయరు గారూ, సెల్లార్ల జాబితా రాసి ఇవ్వగలరా? మహిళా సంఘం తరఫున కమిషనర్ గారికి ఇస్తాం.


రిటైర్డ్_సర్వేయరు
గురువారం, మధ్యాహ్నం 2:40

ఇస్తాను. ఓనర్ల పేర్లు రాయను, డోరు నంబర్లు మాత్రం రాస్తాను.


లారీ_సూరి
గురువారం, రాత్రి 7:30

ట్రాన్స్‌పోర్టు వాళ్ళం మేము. బట్టల బేళ్ళు, కిరాణా బస్తాలు మేము దింపేది సాయంత్రం ఆరింటికే. కొట్లు అప్పుడే చెప్తాయి రమ్మని. లారీ అరగంట అడ్డంగా నిలబడుద్ది, వెనక నలభై బళ్ళు హారన్లు. మాకూ సరదా కాదు. పొద్దున్న 6 నుంచి 9 మధ్య దింపుకోండంటే కొట్లు తెరవరు. ఒక్క బాబ్జీ గారు తెరుస్తారు, నిజం చెప్పాలంటే.


బట్టలకొట్టు_బాబ్జీ
శుక్రవారం, ఉదయం 7:20

మళ్ళీ కూర్చున్నాం, మీటింగు అయింది. బంద్ లేదు. నెల రోజులు చూద్దామన్నాం, మూడు షరతులతో. సంత మైదానంలో లైట్లు, కాపలా ముందు రావాలి. సామాను దింపడం పొద్దున్న తొమ్మిదిలోపే, దీనికి కిరాణావాళ్ళు సణిగారు కానీ ఒప్పుకున్నారు. తోపుడు బళ్ళకి గడులు గీయాలి, గీసేటప్పుడు మా మనిషి ఒకడు, వాళ్ళ మనిషి ఒకడు ఉండాలి. ఓనర్లు, గుమస్తాలు బళ్ళు కొట్టు ముందు పెట్టకూడదని నేను ప్రతిపాదించాను. అయిదుగురు చేతులెత్తారు. మిగతావాళ్ళు టీ తాగడానికి లేచారు.


కాలువగట్టు_శీను
శుక్రవారం, ఉదయం 7:31

అయిదుగురంటే తక్కువా బాబాయ్. మన ఊళ్ళో అయిదుగురు ఒకే మాట మీద నిలబడి ఎన్నాళ్ళయింది.


ఓరుగల్లు_పిల్ల
ఒకటో తారీఖు, సాయంత్రం 5:40

సంత మైదానం కాడి నుంచి రాస్తున్న. లైట్లు వచ్చినయి, నాలుగు. మూడు ఎలుగుతున్నయి. కాపలా తాత కుర్చీ ఏసుకొని కూసున్నడు, చీటీ ఇచ్చిండు. గోడకు సున్నం కొట్టిన్రు, దేవుళ్ళ బొమ్మలు గీసిన్రు. బాత్రూం మాత్రం "త్వరలో" అని బోర్డు. నేను చెప్పలే, ముందు బోర్డు పెడతరని.


బట్టలకొట్టు_బాబ్జీ
ఒకటో తారీఖు, సాయంత్రం 5:55

ఇవాళ నడిచొచ్చాను. యాక్టివా ఇంట్లోనే ఉంది. నా కొట్టు ముందు జాగాలో మధ్యాహ్నం నుంచి పక్క కొట్టువాడి బుల్లెట్ ఉంది. ఏమన్నా అంటే "నీది కాదుగా" అన్నాడు. అయిదింటికి పోలీసులొచ్చాక తీశాడు.

బేరం సంగతి ఇప్పుడే చెప్పలేను. జనం మటుకు ఉన్నారు. నడుస్తూ అద్దంలోకి చూస్తున్నారు. చూసినవాళ్ళంతా కొనరు, అది నాకూ తెలుసు.


మూడుచక్రాలు
ఒకటో తారీఖు, సాయంత్రం 6:04

బాబ్జీ గారూ, గడియార స్తంభం దగ్గర డ్రమ్ముల మధ్య సందు ఎంత ఉంది?


బట్టలకొట్టు_బాబ్జీ
ఒకటో తారీఖు, సాయంత్రం 6:16

బట్ట కొలిచే మీటరు బద్ద పట్టుకెళ్ళి చూశాను బాబూ. మీటరు మీద నాలుగు వేళ్ళు.


మూడుచక్రాలు
ఒకటో తారీఖు, సాయంత్రం 6:18

నా బండికి ఇంకో జానెడు కావాలండి.


బట్టలకొట్టు_బాబ్జీ
ఒకటో తారీఖు, సాయంత్రం 6:19

జరిపిస్తా. హోంగార్డు మనవాడే. ఎన్నింటికి వస్తావు?


మూడుచక్రాలు
ఒకటో తారీఖు, సాయంత్రం 6:20

ఏడింటికి. మెడికల్ షాపుకి.